నమూనా రైలుమార్గమున పాత కర్మాగారము

బొమ్మరైలును చూచి ముచ్చటపడని బాలుడుండడు. కీ ఇచ్చి విడిచినచో గుండ్రని పట్టాలపై గిరగిర తిరిగి, బలము తీరగనే నిలిచిపోవు రేకురైలు ఎందరికో పరిచితమే. అమెరికా, ఇంగ్లండు, జర్మనీ మొదలగు దేశములలో పెద్దలు ఈ బొమ్మను పిల్లల చేతినుండి తీసికొని, కొలతలకు లోబరచి, ఒక విద్యగా పెంచిరి. దానినే నమూనా రైలుమార్గమందురు. 1935లో అమెరికాలోని మిల్వాకీ నగరమున ఈ నిర్మాతల జాతీయ సంఘము ఏర్పడి, పట్టాల వెడల్పు, చక్రపు అంచు మొదలగువానికి ప్రమాణములు నిర్ణయింప పూనుకొన్నది. ఒకరు చేసిన బండి మరియొకరి పట్టాలపై నడుచుటకు ఆ ప్రమాణములే ఆధారము.

అయితే రైలు ఊరక తిరుగుటకు పుట్టినది కాదు. బొగ్గునో, ఇనుప రాతినో, పత్తినో ఒకచోట ఎక్కించుకొని మరియొకచోట దింపుటకు పుట్టినది. కావున నమూనా రైలునకు అర్థము కలుగవలెనన్నచో దాని ప్రక్కన ఒక కర్మాగారమో, గిడ్డంగియో, బొగ్గు గోపురమో ఉండవలెను. ఆ కట్టడమును నిర్మించుట ఒక పని. అది ఏబది సంవత్సరములు ఎండకు ఎండి వానకు తడిసినట్లు కనబడజేయుట రెండవ పని. ఈ రెండవదానిని ఆంగ్లమున వెదరింగ్ అందురు. తెలుగున ‘పాతవన్నె’ అనవచ్చును. వినుటకిది రంగులు పూయు పనివలె తోచినను, ఇందు భౌతిక రసాయన శాస్త్రముల పాలు చాల కలదు.

లెక్కలోని చిక్కులు

మిక్కిలి వాడుకలోనున్న స్కేలునకు హెచ్‌ఓ అని పేరు. ఇందు అసలు వస్తువులోని ఒక అడుగు 3.5 మిల్లీమీటర్లగును, అనగా ప్రతి పొడవును సుమారు 87వ వంతునకు దిగును. చాల దేశములలో రైలుపట్టాల నడిమి దూరము 1435 మి.మీ.; నమూనాలో అది 16.5 మి.మీ. మన దేశపు బ్రాడ్‌గేజి 1676 మి.మీ. గనుక, అదే స్కేలున 19.2 మి.మీ. కావలెను. అంగడిలో దొరకు 16.5 మి.మీ. పట్టాలపై మన ఇంజనును నడుపబూనినచో, పై పెట్టె సరియైన వెడల్పుననే ఉన్నను చక్రములు దగ్గరకు ముడుచుకొన్నట్లుండును.

పొడవు 87వ వంతైనప్పుడు వైశాల్యము 7,569వ వంతును, ఘనపరిమాణము 6,58,503వ వంతును అగును. రెండువందల టన్నుల ఇంజనును అవే లోహములతో నిజముగా స్కేలున చేసినచో దాని బరువు సుమారు మూడువందల గ్రాములే అగును. పొడవుల మాట అటుంచి, బరువు ఇంతగా పడిపోవుట విద్యార్థులకు ఆశ్చర్యము గొల్పును.

కర్మాగారముల విషయమున చిక్కు వేరు. బండి చిన్నదే, కర్మాగారము పెద్దది. ఒక మైలు పొడవున్న ఉక్కు కర్మాగారము హెచ్‌ఓ స్కేలున సైతము అరువది అడుగులకు పైగా సాగును. ఇంటి గదిలో అంత చోటు ఎక్కడిది? కావున నిర్మాత కొంత కుదించును. ఇరువది కిటికీల గోడను ఎనిమిది కిటికీలకు తగ్గించును. నాలుగు పొగగొట్టములకు రెండు నిలుపును. కాని తలుపు ఎత్తును, మెట్టు ఎత్తును, ఇటుక పరిమాణమును మాత్రము ముట్టడు. మనుష్యుని కొలతతో ముడిపడిన వస్తువులను బట్టియే కన్ను మిగిలిన వానిని అంచనా వేయును. తలుపు సరిగానున్నచో గోడ కురుచయైనదని చూపరి గమనింపడు. తలుపు తప్పినచో గోడ ఎంత సరిగానున్నను బొమ్మయిల్లగును. గది గోడకానించి రెండు మూడు అంగుళముల మందమున ముఖభాగమును మాత్రమే కట్టుట మరియొక ఉపాయము. కాలిఫోర్నియాలోని మాంటరే పట్టణమున జాన్ అలెన్ (1913–1973) అను ఛాయాచిత్రకారుడు తన రైలుమార్గమున అద్దములను మరుగుగా నిలిపి, ఉన్న దృశ్యమునే ఇనుమడింపజేసెను.

ఇటుక గోడ

గోడలకు నేడు ఎక్కువగా వాడునది పాలిస్టైరీను పలక. దీనిపై ఇటుకల వరుసలు అచ్చుపోసి అమ్ముదురు. దీనిని అతుకుటకు జిగురు వాడరు. మిథైల్ ఇథైల్ కీటోను వంటి ద్రావణిని వాడుదురు. కుంచెతో ఒక్క బొట్టు అంచున తాకించినచో అది రెండు పలకల నడిమి సన్నని సందులోనికి కేశాకర్షణముచే తానే ప్రాకును. అచ్చట ప్లాస్టిక్కు కరగి, ఇరుప్రక్కల పొడవాటి అణుమాలలు ఒకదానితో నొకటి పెనవేసికొనును. ద్రావణి ఆవిరియైపోవగా ఒక్కటే పలక మిగులును. ఇది అతుకు అనుటకంటె వెల్డింగనుట సమంజసము. ఈ ద్రావణుల ఆవిరి ఆరోగ్యమునకు చెరుపు, నిప్పునకు మిత్రము. కిటికీలు తెరచి, దీపము దూరముగా నుంచి పని చేయవలెను.

అమెరికా ఇటుక ఎనిమిది అంగుళముల పొడవు, రెండుంబావు అంగుళముల ఎత్తు. నమూనాలో ఎత్తు 0.66 మి.మీ. అగును. ఇటుకల నడిమి సందు పది మిల్లీమీటర్లనుకొన్నచో నమూనాలో 0.11 మి.మీ.; దాదాపు తలవెండ్రుక మందము. క్రొత్తవారు ఇచ్చటనే పొరబడుదురు. ఎర్రని గోడపై తెల్లని రంగు పూసి తుడిచి, ప్రతి సందును సున్నపు గీతవలె మెరిపింతురు. చూపరి నమూనానుండి రెండడుగుల దూరమున నిలుచును. ఆ రెండడుగులు స్కేలున 174 అడుగులు. అంత దూరమునుండి పది మిల్లీమీటర్ల సందు కంటివద్ద చేయు కోణము ఒక నిమిషములో మూడింట రెండు వంతులు మాత్రమే. మనుష్యుని కన్ను విడదీసి చూడగల కోణము సుమారొక నిమిషము. కావున సందు పూర్తిగా మాయము కాదు గాని, దాని తెలుపు చుట్టునున్న ఎరుపుతో కలసి వెలవెలబోవును. తెల్లని సందులకు బదులు లేత బూడిద వన్నెయే నిజమునకు దగ్గర.

మొత్తము గోడ రంగునకును ఇట్టి సవరణయే కావలెను. నడిమింటి ఎండ లక్ష లక్సుల వెలుగునిచ్చును. దీపము వెలుగుచున్న గదిలో మూడు నాలుగు వందల లక్సులుండుటయే గొప్ప. అసలు గోడకు పూసిన రంగునే డబ్బాలోనుండి తీసి నమూనాకు పూసినచో గదిలో అది మబ్బుపట్టినట్లు ముదురుగా కనబడును. అందుచే కొంచెము తెలుపు కలిపి వాడుదురు.

నీటికి స్కేలు లేదు

మరి పాతవన్నె కొరకు రంగులెందులకు? నమూనాను పెరటిలో వానకు విడిచినచో తానే పాతది కాదా? ఈ ప్రశ్న సహజమైనది. దీనికి సమాధానము చక్కని భౌతికశాస్త్ర పాఠము. నమూనా 87వ వంతునకు తగ్గినను నీటిబొట్టు తగ్గదు. బొట్టు పరిమాణమును నిర్ణయించునది తలతన్యతయు, గురుత్వమును. వీనిలో నేదియు మన స్కేలును లెక్కచేయదు. రెండు మిల్లీమీటర్ల వానచినుకు నమూనా ప్రపంచమున దాదాపు ఏడు అంగుళముల అడ్డుకొలత గల నీటిముద్ద. అది గోడపై జారినచో సన్నని చార పడదు, వెల్లువ పడును. త్రుప్పు పొర, ధూళి రేణువు, నాచు మొలక అన్నియు ఇంతే. కాలమును నీటిని కుదింపజాలము గనుక, వాని ఫలితమును కుంచెతో వ్రాయవలసివచ్చినది. వ్రాయువాడు ప్రకృతి వ్రాత ఎట్టిదో ముందు చదువుకొనవలెను. కారణము లేని మరక అబద్ధపు మరక.

జింకురేకుల కప్పును తీసికొందము. ఇనుపరేకుపై జింకు పొర ఉన్నంతకాలము త్రుప్పు పట్టదు. జింకు తాను ముందు క్షయించి ఇనుమును కాపాడును. క్రొత్త రేకు తళతళ మెరసినను, కొలదికాలమునకే గాలిలోని తేమ, బొగ్గుపులుసుగాలి సోకి జింకుపై కార్బొనేటు పొర ఏర్పడి, మసక బూడిద వన్నెకు తిరుగును. కావున పాతకప్పు మొదటి రంగు ఎరుపు కాదు, బూడిద. తరువాత జింకు ఎచ్చట ముందు ఖర్చగును? నీరు ఎచ్చట ఎక్కువసేపు నిలుచునో అచ్చట: రేకుపై రేకు వాలిన అతుకుల క్రింద, మేకుల చుట్టు. అచ్చట పుట్టిన త్రుప్పును వాన క్రిందికి ఈడ్చును. చార మేకు వద్ద ముదురుగా మొదలై, క్రిందికి పోయినకొలది పలుచనై మాయమగును. ఎప్పుడును వాలువెంటనే దిగును, అడ్డముగా పోదు. క్రొత్త త్రుప్పు నారింజ వన్నె, పాతది ముదురు గోధుమ వన్నె. రెండును ప్రక్కప్రక్కన ఉన్నప్పుడే కప్పు ప్రాణముతో కనబడును.

రంగు పెచ్చులూడిన ఇనుప గోడను చూపుటకు ఉప్పును వాడు పద్ధతి యొకటి కలదు. మొదట గోడకంతకు త్రుప్పు రంగు పూసి ఆరనిత్తురు. దానిని తడిపి అచ్చటచ్చట ఉప్పుగల్లు చల్లుదురు. తడి ఆరగనే గల్లు అంటుకొని నిలుచును. దానిపై కర్మాగారపు రంగును చిమ్మి, ఆరిన పిదప గరుకు కుంచెతో ఉప్పును రాల్తురు. గల్లున్నచోటెల్ల త్రుప్పు బయటపడును. ఇనుము త్రుప్పైనప్పుడు దాని ఘనపరిమాణము పెరిగి, పైనున్న రంగును లోపలినుండి లేపి పెచ్చులుగా విడదీయును. ఉప్పు పని ఆ ఆకృతినే చక్కగ అనుకరించును.

పూర్తిగా చీకిపోయిన రేకు కావలెనన్నచో మరింత సాహసవంతులు పలుచని అల్యూమినియము రేకును ఫెర్రిక్ క్లోరైడు ద్రావణమున ముంతురు. అల్యూమినియము ఇనుముకంటె చురుకైన లోహము గనుక ఇనుమును త్రోసి తాను ద్రావణములో చేరును. ఇందు వేడియు, మండు స్వభావముగల ఉదజని వాయువును పుట్టును. క్షణములలో అంచులు తినివేయబడి చిల్లులు పడును. వెంటనే నీట ముంచి కడుగవలెను. ఇది కంటి అద్దములు, రబ్బరు తొడుగులు ధరించి, ఆరుబయట పెద్దలు చేయదగిన పని. తరగతిగదిలో చేయదగినది కాదు.

ఇటుకగోడను మార్చునవి వేరు. నేలనుండి తేమ పైకి ప్రాకి, ఇటుకలోని ఉప్పులను కరగించి తెచ్చి, నీరు ఆవిరికాగా వానిని తెల్లని పూతగా విడిచిపెట్టును. ఇట్టి పూత మన పాతయిండ్ల గోడల అడుగున చూడనివారుండరు. నమూనాలోను దానిని క్రింది భాగముననే వేయవలెను. లేదా పగిలిన వానగొట్టము ప్రక్కన వేయవచ్చును. కిటికీ క్రింద పడు నల్లచారలకు కారణము మరింత రసవంతము. ఇటుక వాననీటిని కొంత పీల్చుకొనును. గాజు ఒక్క బొట్టునైనను పీల్చదు. అద్దముపై పడిన నీరంతయు దానిపై మసితో సహా క్రింది గట్టుపైకి జారి, ఆ గట్టు రెండు కొనలనుండి గోడపైకి దిగును. కావున చారలు కిటికీ నడుమనుండిగాక మూలలనుండి బయలుదేరును. సున్నపురాతి కట్టడములలో ఇందుకు విరుద్ధముగా, వాన తగులుచోట్లు కడుగబడి తెల్లగానుండును. చూరు మరుగున వాన తగులని చోట్ల, పొగలోని గంధకపు ఆమ్లము రాతిపై పనిచేసి కలిగించిన జిప్సము పొరలో మసి చిక్కుకొని నల్లగా పేరును. ఒకే వాన ఒకచోట మరక వేయును, మరియొకచోట మరక తీయును.

ఆవిరి ఇంజనులకు బొగ్గు నింపిన గోపురములు అమెరికాలో పెక్కుచోట్ల కాంక్రీటువి. నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే 1960లో ఆవిరి ఇంజనులను విరమించుటతో ఆ దేశపు పెద్ద రైల్వేలలో ఆవిరియుగము ముగిసినది. పడగొట్టుటకు ఖర్చెక్కువ గనుక కొన్ని గోపురములు పట్టాలపై అట్లే నిలిచియున్నవి. నూరడుగుల గోపురము నమూనాలో 35 సెంటీమీటర్లు. దాని చీలికలనుండి తెల్లని చారలు దిగును: సిమెంటులోని సున్నము నీట కరగివచ్చి, బొగ్గుపులుసుగాలితో కలసి తిరిగి సున్నపురాయి అగును. లోపలి ఉక్కుకమ్మి త్రుప్పుపట్టి ఉబ్బి కాంక్రీటును పగులగొట్టినచోట మాత్రమే గోధుమవన్నె చార.

బ్రతికిన మురికి, చచ్చిన మురికి

చాలమంది నిర్మాతలు ఉపేక్షించు విషయమొకటి ఇచ్చట చెప్పదగును. పెన్సిల్వేనియాలోని బెత్లెహేమ్ పట్టణమున దాదాపు 230 అడుగుల ఎత్తైన బ్లాస్టు కొలిమిలు కలవు. 1995 నవంబరులో అవి చల్లారినవి. 2011లో వాని పాదముల వద్ద కళాకేంద్రము వెలసినది; కొలిమిలు చూపరుల కొరకు నిలిచినవి. నేటి ఛాయాచిత్రములలో అవి ఆపాదమస్తకము త్రుప్పుతో ఎర్రబారి అందముగా కనబడును. ఆ చిత్రమును ముందుంచుకొని, ప్రక్కన 1950 నాటి ఇంజనును నడుపు నిర్మాత చరిత్రను తారుమారు చేసినవాడగును. పని జరుగుచున్న కొలిమియు ఎర్రనిదే. కాని ఆ ఎరుపులో పెద్దభాగము ఇనుపరాతి ధూళి. ఇనుపరాయియు, త్రుప్పును రెండును ఐరన్ ఆక్సైడులే, వన్నెయు దగ్గరిదే. అయితే ధూళి పైనుండి రాలినది: అంచులపై, దూలములపై, నేలపై పొడిగా కూర్చుండును. త్రుప్పు లోహమునుండి పుట్టినది: నిలువు తలములనుండియు, అతుకులనుండియు బయటికి వచ్చును. మొదటిదానికి రంగుపొడి చాలును. రెండవదానికి చారలు కావలెను.

అదే విధముగ, పనిచేయు కర్మాగారమున పట్టాల పైతలము చక్రముల రాపిడిచే వెండివలె మెరయును, ప్రక్కలు మాత్రమే త్రుప్పు. తలుపు పిడి చుట్టు చేతిజిడ్డు నల్లగా నుండును. మెట్ల నడిమి భాగమున రంగు అరిగిపోవును. మూతపడిన ఒకటి రెండేండ్లకే పట్టా పైతలమును ఎర్రబారును, నడుమ గడ్డి మొలచును. కార్మికుల రాకపోకలు ఆగినవన్న సంగతి ఇన్ని చిన్న గురుతులలో వ్రాసియుండును. పెక్కు కర్మాగారములు కూల్చివేయబడినవి. పని చేసినవారును తగ్గిపోవుచున్నారు. పాత పారిశ్రామిక కట్టడములను కొలిచి పటములు గీయుటకు అమెరికా ప్రభుత్వము 1969లో ఒక శాఖనే ఏర్పరచినది. దాని పటములు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసులో ఎవరైనను చూడవచ్చును. పటము కొలతను చెప్పును గాని వన్నెను చెప్పదు. ఆ లోటును పూరింపగల నమూనా తప్పుడు కాలపు మురికి పూసికొన్నచో నష్టము చిన్నది కాదు.

నిగనిగలాడు నమూనాల కాలమున, వాడుకలో నలిగిన ఇంజనులను, చీకిన కొట్టములను ధైర్యముగా చూపి ఇతరులకు దారి తీసినవారిలో పైన చెప్పిన జాన్ అలెన్ ముఖ్యుడు. తన రైలుమార్గమునకు ‘గోరీ అండ్ డిఫీటెడ్’, అనగా నెత్తురోడి ఓడినది అని ధ్వనించు పేరు పెట్టుకొనుటయే కాక, ఇంజనునకు బదులు పెట్టెలు లాగుటకొక రాకాసిబల్లిని కూడ ఉంచిన చమత్కారి. 1973 జనవరిలో ఆయన మరణించిన కొలది దినములకే ఇంట అగ్ని పుట్టి ఆ రైలుమార్గము చాలవరకు నశించెను, ఛాయాచిత్రములు మిగిలినవి. తరువాతి తరమున మసాచుసెట్సులోని పీబడీలో జార్జి సెలియోస్ 1930లనాటి ఆర్థికమాంద్యపు పట్టణమును కర్మాగారములతో సహా నిర్మించి పేరొందెను. ఆయన శిథిలశోభను అనుకరించినవారు అనేకులు. అనుకరణలో మితము తప్పినవారును అనేకులే. ఏ ఊరిలోను ప్రతి యిల్లును ఒకేసారి శిథిలము కాదు. ఒక గోడకు మొన్ననే వెల్ల వేసియుందురు, ఒక తలుపు క్రొత్తది. ఆ క్రొత్త తలుపే ప్రక్కనున్న పాతగోడను నమ్మించును.

కొయ్య కొట్టముల పాతవన్నె వేయుట బడిలో సులభముగా చూపదగినది. రంగులేని కొయ్య ఎండవానలలో వెండి బూడిదవన్నెకు తిరుగును: అతినీలలోహిత కిరణములు కొయ్యలోని లిగ్నినును విడగొట్టగా, వాన దానిని కడిగివేసి నారలను మిగుల్చును. నిర్మాతలు నల్లసిరాను ఆల్కహాలులో పలుచగా కలిపి పూయుదురు. నీటి తలతన్యత సుమారు 72, ఐసోప్రొపైల్ ఆల్కహాలుది సుమారు 22 ప్రమాణములు గనుక ఆల్కహాలు బొట్టుకట్టక గీతలలోనికంతకు ప్రాకును. రెండవ మార్గమున సిరాయే అక్కరలేదు. గాజుసీసాలో వెనిగరు పోసి, అందు త్రుప్పు పట్టు స్వభావముగల ఇనుప మేకులు వేసి, మూత బిగింపక వారము దినములుంచినచో ఐరన్ ఎసిటేటు ద్రావణము తయారగును. దానిని పలుచని కొయ్యచెక్కపై పూసినచో కొయ్యలోని టానినులతో కలసి కొంతసేపటికి బూడిదనలుపు వచ్చును. మూత బిగింపకుండుటకు కారణము లోపల పుట్టు ఉదజని. టానిను తక్కువగానున్న చెక్కకు ముందుగా చిక్కని తేయాకు కషాయము పూసి ఆరనిచ్చినచో వన్నె మరింత ముదురగును. ఒకే చెక్కను మూడు భాగములు చేసి, ఒకదానికి కషాయము ఒకమారును, ఒకదానికి రెండుమారులును పూసి, మూడవదానిని వట్టిగా విడిచి, తరువాత మూడింటికిని ద్రావణము పూసి చూచినచో తేడా మరునాటికి స్పష్టమగును.